దాళ్వా కోసిన చేలో బంతి

ధవళేశ్వరం బారేజీ దాటి బొబ్బర్లంక చేరేసరికి మా బండిలోని పదముగ్గురు పిల్లల్లో ముగ్గురు నిద్రపోయారు. తక్కినవారు ఈసారి ఎన్ని గోల్స్ తేడాతో ఓడిపోతామో అంచనాలు వేసుకుంటున్నారు. పందెం మాత్రం కాయలేదు. అది హరామని వారికి పాఠం చెప్పిన నేను ముందు సీట్లోనే కూర్చుని ఉన్నాను. "నాలుగు" అన్నాడొకడు. "హజ్రత్ వచ్చారు కదా, మూడే" అన్నాడు మరొకడు.

వీరిలో ఐదుగురు మా మదరసా విద్యార్థులు. మిగిలినవారు రాజమండ్రిలో మా వీధి పిల్లలు. ఇద్దరు గోదావరిలో వలలు వేసే ఇళ్ళవారు, ఒకడు చర్చిలో కీర్తనలు పాడే కుర్రవాడు. మా జట్టుకు లీగు లేదు, పట్టికలో స్థానం లేదు. చొక్కాలు మూడు రంగులవి. గత సంవత్సరం ఏడు ఆటలాడి ఆరు ఓడిపోయాము. ఏడవది వాన వల్ల సగంలో ఆగిపోయింది. దానిని పిల్లలు ఇప్పటికీ 'ఓడని ఆట' అని చెప్పుకుంటారు. ఈ జట్టు ఎక్కడ ఆడినా తప్పక వెళ్ళే అభిమాని ఒక్కడే. గడ్డం నెరిసిన మదరసా ఉపాధ్యాయునికి ఆ పదవి ఎలా దక్కిందో చెప్పవలసి ఉంది.

బొబ్బర్లంక నుండి కాలువ వెంబడి పూతరేకుల ఆత్రేయపురం, లొల్ల లాకులు, ఆపైన అరటి గెలల సంతకు పేరుపడ్డ రావులపాలెం. ఈ దారిన వెళ్ళినవారికి పచ్చదనమే గుర్తుంటుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఈ నేలకు విశ్రాంతి తక్కువ. సార్వా కోయగానే దాళ్వా. గట్ల మీద కొబ్బరి, కొబ్బరి నీడన అరటి. ఇంత సారవంతమైన సీమలో పిల్లవాడు పరుగెత్తడానికి చోటు దొరకదు. అనంతపురం మిత్రుడొకరు మా ప్రాంతం చూసి ఎంతో అసూయపడ్డారు. ఒకసారి వారి ఊరికి వెళ్ళి, సాయంత్రం బయళ్ళలో పిల్లలు ఎంత దూరం పరుగెత్తుతున్నారో చూసి నేనూ అసూయపడ్డాను, ఆయనకు చెప్పలేదు.

వేసవిలో దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసిన తరువాత, మళ్ళీ నీరు వదిలేదాకా చేలు ఖాళీగా ఉంటాయి. ఆ కొద్ది వారాలే ఇక్కడ బంతికి నేల దొరికే కాలం. అందులోనూ పెద్ద వాటా క్రికెట్టుదే.

తెలుగు నేలకు ఫుట్‌బాల్ పరాయి ఆట అనుకుంటే పొరపాటు. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో వయోధికులైన ఒక ఉస్తాదు, పాఠం ముగిశాక, సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ గురించి చెప్పేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతదేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆ జకార్తా ఫైనల్లో ప్రేక్షకులు మన జట్టును గేలి చేస్తుంటే, అక్కడికి వచ్చిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మాత్రం మనవారి పక్షాన కేకలు వేశారని చెబుతారు. దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మనవారు గెలిచారు. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం సాహెబ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఈ సంగతులన్నిటిలో ఆనాడు నాకు ఆశ్చర్యం కలిగించినది ఒక్కటే: ఆయన వృత్తి బడిపంతులు.

ఇక ఇటీవలి హైదరాబాద్ జట్టు సంగతి. గచ్చిబౌలిలోని స్టేడియం దాని సొంత మైదానంగా ఉండేది. దానికి మా కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా మరణించిన బాలయోగి గారి పేరు పెట్టారు. 2022 మార్చిలో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత. 2023-24లో ఇరవై రెండు ఆటలాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. మా పిల్లలకు ఆ పట్టిక చూపించాను. వారు పొందిన ఊరట అంతా ఇంతా కాదు.

రహీం సాహెబ్ కథ విని ఆశ్చర్యపోయినవాడినే గాని, నేను ఉపాధ్యాయుడినైన తరువాత దాని నుండి నేర్చుకున్నదేమీ లేదు. పదహారేళ్ళ క్రితం పద్నాలుగేళ్ళ విద్యార్థి ఒకడు ఆటలో పడి అసర్ నమాజుకు రాలేదు. మందలించడం నా బాధ్యత. కాని నేను బంతి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. నీవు దీనికీ పనికిరావు, దున్యాకూ పనికిరావని అందరి ఎదుట అన్నాను. తెల్లవారి ఫజర్‌కు అతని పరుపు ఖాళీగా ఉంది. వారం తరువాత అతని తల్లి వచ్చి బట్టల పెట్టె తీసుకువెళ్ళింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. బీరువా మార్చాను, గది మార్చాను. బంతిని మాత్రం పారవేయలేకపోయాను. ఆ తరువాత కొన్నేళ్ళకు పిల్లలు భయం భయంగా ఆడుకోవడానికి అనుమతి అడిగినప్పుడు, అసర్ తరువాత మగ్రిబ్ దాకా అని చెప్పి, నేనూ వెంట వెళ్ళాను. మొదట కాపలాకే వెళ్ళాను.

ఆ అబ్బాయి ఇప్పుడు రావులపాలెం మార్కెట్లో గెలలు ఎక్కించే లారీల లెక్క చూస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళ కుర్రవాళ్ళను పోగుచేసి జట్టు నడుపుతున్నాడు. ఏప్రిల్‌లో అతని దగ్గర నుండి ఫోను వచ్చింది: "హజ్రత్, మీ పిల్లలు ఆడతారని విన్నాను. చేలు ఖాళీ అయ్యాయి, తీసుకురండి." సలాముకు బదులిచ్చిన తరువాత నాకు మాట పెగలడానికి కొంతసేపు పట్టింది.

చేను ఊరి చివర ఉంది. వరి దుబ్బులు చదును చేసి, సరుగుడు కర్రలు పాతి, వాటికి పాత చేపల వల కట్టారు. ఒక మూల గడ్డిమేటు. బంతి అందులో పడితే త్రో అని ముందే ఒప్పందం. అతను ఎదురువచ్చి, నా చేతి సంచీ అందుకున్నాడు. అందులో ఆ బంతి ఉంది. తోలు పగిలి, లోపలి బ్లాడర్ అంటుకుపోయి, ఎండిన నారింజ తొక్కలా ఉంది. "ఇది నీది, నాయనా. ఆనాడు నేను అన్న మాట తప్పు. క్షమించు" అన్నాను. అతను బంతిని అటూ ఇటూ తిప్పి చూసి పెద్దగా నవ్వాడు. "హజ్రత్, ఇది నాది కాదు. పక్క వీధి వాళ్ళది అడిగి తెచ్చాను. దీనికోసం వాళ్ళు నన్ను ఎంత కొట్టారో!" తరువాత నవ్వు ఆపి, నా చేయి కాసేపు వదలలేదు. మళ్ళీ ఆ ప్రస్తావన మేమిద్దరమూ తేలేదు.

ఆట గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. సగం ముగిసేసరికి మూడు గోల్స్ మా వలలో పడ్డాయి. నేను మా గోల్‌కీపర్ వెనుక నిలబడి గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాను. విరామంలో అవతలి జట్టు కుర్రవాడొకడు మంచినీళ్ళు ఇస్తూ, "తాతగారూ, మీరు మా అన్నకి గురువంట గదా, మరి వాళ్ళ వైపే అరుస్తున్నారేంటి?" అని అడిగాడు.

సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించగా సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు గుర్తుకు వచ్చింది. అస్లమ్ తెగవారు విలువిద్యలో పోటీపడుతుండగా దైవప్రవక్త (స) అటు వెళుతూ, తాను ఒక పక్షం వైపు ఉన్నానని చెప్పి ప్రోత్సహించారు. అవతలివారు బాణాలు వేయడం ఆపివేశారు. కారణం అడిగితే, మీరు వారి వైపు ఉండగా మేమెలా వేయగలమన్నారు. అప్పుడాయన తాను అందరి వైపూ ఉన్నానని చెప్పి, ఆట కొనసాగించమన్నారు. ఈ హదీసు నేను ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పానో! బాణం ఆపేసి నిలబడ్డవారి ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఏనాడూ ఊహించలేదు.

రెండవ సగంలో వెళ్ళి గట్టు మధ్యలో నిలబడ్డాను. ఇటు మంచి ఆట కనబడితే ఇటు, అటు కనబడితే అటు. ఫలితం 4-0. బండిలో 'నాలుగు' అన్నవాడు తానే గెలిచినట్లు గంతులు వేశాడు.

ఆ చేలోనే, దుబ్బుల మీద తువ్వాళ్ళు పరచి, రెండు జట్ల ముస్లిం పిల్లలూ ఒకే వరుసలో మగ్రిబ్ చదివారు. తక్కినవారు గడ్డిమేటు దగ్గర అరటిపళ్ళు తింటూ మా కోసం ఆగారు. తిరుగు ప్రయాణంలో బారేజీ మీద చల్లగాలి తగిలేవరకు మా గోల్‌కీపర్ నాతో మాట్లాడలేదు. కారణం అడిగాను. చెప్పాడు. హదీసు వివరించాను. వాడు శ్రద్ధగా విని, కొంత ఆలోచించి, "అది నిజమే హజ్రత్. కాని వాళ్ళు అప్పటికే మూడు కొట్టారు కదా, వాళ్ళకు మీరెందుకు?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. కాలువలకు నీరు వదలడానికి ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి.