కుడి పక్క ఎందుకు దిగలేదు?

పంక్చరైన టైరుతో పెద్ద పేచీ లేదు. షాపుకి తీసుకెళ్తే ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చే చోట వేలు పెట్టి చూపిస్తాడు. పేచీ అంతా రాత్రి బాగానే ఉండి, పొద్దుటికి కాస్త మెత్తబడే టైరుతోనే. పంపు తెచ్చి నాలుగు దెబ్బలు కొడతాం. బండి నడుస్తుంది. మళ్లీ రెండ్రోజులకి అదే కథ. ఈ రకం గాలి గురించి నేను పాఠం నేర్చుకున్నది మా గుంటూర్లో కాదు. అమెరికాలో, మా అక్క వాళ్లింటి గ్యారేజీలో!

2023 జనవరిలో అక్క వాళ్ల దగ్గరికి వెళ్లాను. మిన్నెసోటా రాష్ట్రంలో సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న దులూత్ ఊరు వాళ్లది. ఇక్కడ అమ్మ భోగిమంట దగ్గర చలి కాచుకుంటుంటే, అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన ఉంది చలి. బావ ఆ ఏడాదే ఓ పాత స్నోమొబైల్ కొన్నాడు. ముందు చక్రాల బదులు రెండు స్కీలు, వెనక యుద్ధట్యాంకుకి ఉన్నట్టు తిరిగే రబ్బరు పట్టా, పైన మోటారుసైకిలు లాంటి సీటూ హ్యాండిలూ... అదీ దాని రూపం.

మనకది సరదా బండిలాగే కనిపిస్తుంది. కానీ ఇలాంటి బండ్ల వెనక ఓ తండ్రి కడుపుకోత ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి చేర్చలేకపోయారు. బిడ్డ దక్కలేదు. అంతకుముందు నుంచే మంచుబండి కోసం తంటాలు పడుతున్న ఆ తండ్రి, 1937లో పట్టాతో నడిచే బండికి పేటెంటు సంపాదించాడు.

బావ బండిలో నాకు వింతగా అనిపించింది ముందు షాకబ్జర్లు. మన బైకులకి చుట్టూ స్ప్రింగు కనిపిస్తుందే, అది లేదు. గొట్టంలోకి గొట్టం దూరి ఉంటుంది. లోపల బిగించిన గాలే స్ప్రింగు! ఇనుము బరువు తప్పుతుంది. ఎక్కే మనిషిని బట్టి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నొక్కుకుపోయే కొద్దీ ఆ గాలి మరింత గట్టిగా ఎదురు తిరుగుతుంది. అది తగ్గిందా, బండి ముక్కు వంగుతుంది. గుంట వచ్చినప్పుడు షాకబ్జరు చివరిదాకా దిగి ఠక్కున కొట్టుకుంటుంది. ఒక పక్కే తగ్గితే బండి ఆ పక్కకి ఒరిగిపోతుంది. మలుపులో మన మాట వినదు.

బావ బండి ఎడమ పక్కకి ఒరిగేది. ప్రతి శనివారం పొద్దున్నే ఆయన చేతిపంపు పట్టుకుని షెడ్డులోకి వెళ్లడం, ఎడమ షాకబ్జరుకి గాలి కొట్టడం, చేతులు దులుపుకుని రావడం.

‘‘లీకేమో బావా?’’ అన్నాను ఓసారి.

‘‘లీకూ లేదు, పాడూ లేదు. చలికి దిగిందోయ్’’ అన్నాడు. ఊరికే అనలేదు, లెక్క చెప్పాడు. వెచ్చగా ఇరవై డిగ్రీలున్న గ్యారేజీలో 70 పీఎస్ఐ గాలి కొట్టిన షాకబ్జరుని మైనస్ ఇరవైలో పెడితే, ఒక్క బొట్టు గాలి బయటికి పోకపోయినా మీటరు 58 దగ్గరే ఆగుతుంది. చలికి గాలి ముడుచుకుంటుంది మరి! పంపు తగిలించినప్పుడు పైపు నిండడానికీ లోపలి గాలే కొంత పోతుంది కాబట్టి, చూసిన ప్రతిసారీ అంకె ఇంకాస్త తగ్గుతుంది. పంపు తీసేటప్పుడు ‘తుస్’ మనేది కూడా ఆ పైపులోని గాలే. కొత్తవాళ్లు దాన్ని చూసి లీకని కంగారుపడతారట. బావ చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. నేను తలూపాను.

ఆ శనివారం మా మేనకోడల్ని వెనక కూర్చోబెట్టుకుని అడవిదారిన వెళ్లాలని బావ ప్లాను. పదమూడేళ్ల పిల్ల, హెల్మెట్ పెట్టుకుని తయారు. అక్క కాఫీ కప్పు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది.

‘‘ఏవండీ, కుడి పక్క చూశారా?’’

‘‘కుడి బానే ఉంది కదా, దానికేం చూడాలి?’’

‘‘ఒక్కసారి చూడండి.’’

స్కీలు నేలకి తగలకుండా ముందు భాగం ఎత్తి నిలబెట్టి, రెండూ చూశాడు. కుడి 56. ఎడమ 43.

‘‘చలి రెండింటికీ ఒకటే కదా. మరి కుడి పక్క ఎందుకు దిగలేదు?’’ అంది అక్క. బావ మాట్లాడలేదు. ‘‘ఇది తేలేదాకా పిల్లని ఎక్కనివ్వను’’ అనేసి లోపలికి వెళ్లిపోయింది. బావకి కోపమొచ్చింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఇంత చిన్నదానికి అక్క అంత పట్టుదలకి పోవడం నాకూ చోద్యంగానే అనిపించింది... వంటింట్లో ఆవిడ మొహం చూసేదాకా.

‘‘నాన్న బెల్టు గుర్తుందా రా?’’ అంది.

ఎందుకు గుర్తుండదు? 2018 వేసవిలో నాన్న బెల్టుకి మోచీ దగ్గర ఓ కొత్త చిల్లు పడింది. రెండు నెలలకి ఇంకోటి. ‘ఎండలకి కరిగిపోతున్నానర్రా’ అని నవ్వేవాడు. గుంటూరు ఎండలు తెలిసినవాళ్లెవరూ కాదనరు. అమ్మ రాగిజావ పోసేది. నేను ఖర్జూరాలు తెచ్చేవాణ్ని. అక్క అమెరికా నుంచి బాదంపప్పులు పంపేది. ఎవరికి తోచిన పంపుతో వాళ్లం గాలి కొట్టాం. నాలుగు రోజులు తేరుకున్నట్టే కనిపించేవాడు. సంక్రాంతి వెళ్లాక పరీక్షలు చేయిస్తే షుగరు ఎప్పటినుంచో ఉందనీ, కిడ్నీల దాకా వెళ్లిందనీ తేలింది. 2019 చివర్లో నాన్న వెళ్లిపోయాడు.

‘‘అదే ఎండలో అమ్మ ఎందుకు చిక్కలేదని మనం ఒక్కళ్లమూ అడగలేదురా’’ అంది అక్క, గిన్నెలు సర్దుతూ.

సాయంత్రం బావే బండిని గ్యారేజీలోకి తెచ్చాడు. రెండు పక్కలా 70 కొట్టి, ఫ్రిజ్ మీదున్న నోటుబుక్కులో తేదీ వేసి రాశాడు. వారం రోజులు కదపలేదు. చలి లేదు, కుదుపు లేదు, రెండింటికీ ఒకే వెచ్చదనం. మళ్లీ శనివారం చూస్తే కుడి 68, ఎడమ 57. పైపులోకి పోయే గాలి రెండు పక్కలా ఒకటే కాబట్టి ఇక సాకుల్లేవు. వాల్వు మూత తీసి సబ్బునీళ్లు రాశాం. బుడగ లేదు. గొట్టంలోకి గొట్టం జారే చోట రాశాం. కాసేపు ఏమీ లేదు. వంగి చూస్తున్న మేనకోడలే ముందు కనిపెట్టింది... ఆవగింజంత బుడగ, మెల్లగా ఉబ్బి, చిట్లి, మళ్లీ ఇంకోటి. నాకు మా వీధి పంక్చరు షాపు తొట్టి గుర్తొచ్చింది.

విప్పుదామని బావ ఉబలాటపడ్డాడు గానీ, లోపల ఒత్తిడి ఉన్న వస్తువు, ఇంట్లో విప్పేది కాదు. రిపేరు షాపులో ఇస్తే సీలు మార్చారు. రబ్బరు సీలు అరిగి, గట్టిపడిపోయిందట. చలిలో ఆ రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది, గాలికి ఇంకా దారిస్తుంది. అంటే బావ చెప్పిన చలి అబద్ధం కాదు. అది నిజం కాబట్టే అసలు నిజం దాని వెనక దాక్కుంది.

నేను బయల్దేరే ముందు ఆదివారం తండ్రీకూతుళ్లిద్దరూ అడవిదారిన వెళ్లొచ్చారు. బండి నిటారుగా నిలబడింది. అక్క కిటికీలోంచి చూస్తూ ఏమీ అనలేదు.

ఆ నోటుబుక్కు అలవాటు నాతోపాటు గుంటూరు వచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం అమ్మని మిషనెక్కించి బరువు రాస్తాను. పక్క కాలమ్‌లో నా బరువు కూడా. నాది తగ్గిన దాఖలాలు లేవనుకోండి!

‘‘నెలనెలా చూడ్డానికి నేనేమన్నా బండినా?’’ అని విసుక్కుంటుంది అమ్మ. విసుక్కుంటూనే చెప్పులు విడిచి, మిషనెక్కి, అంకె చదవమంటుంది.