రూపు కట్టే గడువు

ఉండి ఊరి చుట్టుపక్కల చెరువుల్లో పెంచే శీలావతి చేప, గుడ్డులో ఒక్కరోజు తిరక్కుండానే తలా తోకా దిద్దుకుంటుంది. ఆ రూపాన్ని గీసింది ఎవరంటే జన్యువులని తేలిగ్గా అనేస్తాం. నాకది సగం జవాబే అనిపిస్తుంది. మనిషి పిండంలో పలచని కణాల పొర ఒకటి అంచులెత్తి, చుట్టుకుని, గొట్టమై, మెదడూ వెన్నుపామూ అవుతుంది. 28 రోజులకల్లా ఆ గొట్టం మూసుకోవాలి. తల్లికి ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ చాలకపోతే మూసుకోని ప్రమాదం పెరుగుతుంది. అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే దాన్నిస్తే ఈ లోపాలు 72 శాతం తగ్గాయని 1991లో తేలింది. ఆ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ మందుల ప్రయోగశాల బృందానికి సారథి, ఉండి పక్కనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఫోలిక్ ఆమ్లం ఇటుకలాంటిదే, ఇటుకలు ఇంటి నమూనా గీయవు కదా అనవచ్చు. నిజమే. కానీ ఇల్లు ఇటుకల కోసం ఆగుతుంది, పిండం ఆగదు. గడువు దాటితే ఆ మడత మళ్లీ పడదు. అందుకే రూపం ముందే గీసిన పటం కన్నా, వేళకు సాగాల్సిన పని అనిపిస్తుంది. ఆ లెడర్లీ ప్రయోగశాలలోనే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడేలా తయారైన అమినోప్టెరిన్, 1948 నాటికి పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలమైనా నిలిపింది. గర్భిణుల విషయంలో మాత్రం పిండం రూపునే చెరిచింది.