వాటా

తెలుగులో ‘వాటా’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆస్తిలోనో వ్యాపారంలోనో ఒకరికి చెందే భాగం వాటా. ఒక ఇంటిలో మరొక కుటుంబం వేరుగా కాపురం ఉండడానికి అనువైన భాగం కూడా వాటాయే. ఈ రెండు అర్థాలూ ఒకేచోట కలిసిన ఇంటిని నేను మొదటిసారి 2009వ సంవత్సరం వేసవిలో న్యూయార్కు నగరంలో చూశాను.

మా తమ్ముడు ఆ నగరంలో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తూ అద్దె ఇంట్లో ఉండేవాడు. కళాశాలకు సెలవులిచ్చిన తరువాత నేను వాడిని చూడడానికి వెళ్లాను. అప్పటికి వాడు ఒకే పడకగది గల చిన్న ఇల్లు ఒకటి కొనే ప్రయత్నంలో ఉన్నాడు. అమ్మకానికి వచ్చిన ఆ ఇల్లు క్వీన్స్ ప్రాంతంలోని జాక్సన్ హైట్స్ అనే పేటలో ఉంది.

రైలు దిగగానే చెవులు చిల్లులుపడే రణగొణధ్వని వినిపించింది. రూజ్‌వెల్ట్ అవెన్యూలో ఇనుప స్తంభాలమీద నిర్మించిన మార్గంలో రైళ్లు ఉరుముతూ పోతుంటాయి. పక్కనే ఉన్న 74వ వీధిలో చీరల దుకాణాలు, నగల దుకాణాలు, కందిపప్పు, కరివేపాకు అమ్మే అంగళ్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడినుండి కొద్ది వీధులు దాటేసరికి ఆ సందడి అంతా ఎవరో తలుపు మూసినట్లు ఆగిపోయింది. రెండువైపులా చెట్లు, ఎర్ర ఇటుకల ఎత్తైన భవనాలు, పిల్లల బండి తోసుకుంటూ పోయే ఒక తల్లి తప్ప వీధిలో ఎవరూ లేరు. ఆ భవనాల ప్రత్యేకత లోపలికి వెళ్లినప్పుడే తెలిసింది. వీధిలో నడిచేవారికి కనబడకుండా, భవనాల వెనుక నడుమ భాగమంతా పెద్ద తోటగా విడిచిపెట్టారు. అమ్మకానికి వచ్చిన ఇంటి కిటికీ ఆ తోటవైపే ఉంది. చిన్న వంటగది, ఒక హాలు, ఒక పడకగది, నడిచి నడిచి నునుపెక్కిన చెక్కనేల. ఇంటిలో ఉన్నది అంతే. అయినా కిటికీ దగ్గర నిలబడిన మా మరదలి ముఖం చూడగానే వారి మనసు ఆ ఇంటిమీద పడిందని గ్రహించాను.

“డబ్బు సిద్ధంగా ఉంటే కొనేయవచ్చుగా, ఆలోచన దేనికిరా?” అని అడిగాను.

తమ్ముడు నవ్వాడు. “ఇది మన దగ్గర ఇల్లు కొన్నట్లు కాదక్కా. ఇది కో-ఆప్” అన్నాడు.

సహకార పద్ధతిలో నడిచే ఆ భవనాల స్వరూపాన్ని వాడు అప్పుడు వివరించాడు. భవనం మొత్తానికి యజమాని ఒక సంస్థ. ఇల్లు కొనేవారు నిజానికి కొనేది గోడలను కాదు, ఆ సంస్థలో కొన్ని వాటాలను. ఆ వాటాలను బట్టి ఒక ఇంటిలో నివసించే హక్కు కౌలుపత్రం రూపంలో లభిస్తుంది. ఆస్తిపన్ను, చలికాలంలో భవనాన్ని వెచ్చగా ఉంచే ఖర్చు, పనివారి జీతాలు, భవనంమీది అప్పు వంటివాటికోసం ప్రతి నెలా అందరూ తమ వాటాల ప్రకారం రుసుము చెల్లించాలి. ఒకరు చెల్లించలేకపోతే ఆ భారం మిగిలినవారిమీద పడుతుంది. కనుక కొత్తగా వచ్చేవారిని, వాటాదారులు ఎన్నుకున్న బోర్డు పరిశీలించి అంగీకరించాలి.

బోర్డుకు సమర్పించవలసిన కాగితాల కట్టను వాడు నాకు చూపించాడు. ఆదాయపు పన్ను పత్రాలు, బ్యాంకు ఖాతాల వివరాలు, యజమాని ఇచ్చిన ధ్రువపత్రం, స్నేహితులు రాసిన లేఖలు అందులో ఉన్నాయి. “పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని విచారణలు ఉండవు కదరా!” అన్నాను. వాడు నవ్వలేదు. అంతకుముందు మరొక పేటలోని భవనంలో ఇలాగే అన్నీ సమర్పించాడట. ముఖాముఖికి పిలిచి, టీ ఇచ్చి, ఆప్యాయంగా మాట్లాడారట. వారం తరువాత ‘మీ దరఖాస్తు ఆమోదం పొందలేదు’ అని ఒక్క వాక్యంతో ఉత్తరం వచ్చిందట. కారణం చెప్పవలసిన పని బోర్డుకు లేదట.

“జీతం చాలలేదంటే ఇంకా కష్టపడేవాణ్ని అక్కా. ఎందుకు వద్దన్నారో తెలియకపోవడమే బాధ” అన్నాడు.

జాక్సన్ హైట్స్ కథ కూడా వాడే చెప్పాడు. 1917లో రైలు మార్గం వచ్చిన తరువాత, నగరపు రద్దీకి దూరంగా స్థితిమంతులకోసం ఆ పేటను తీర్చిదిద్దారు. ఆనాడు నల్లజాతివారికి, యూదులకు అక్కడ ప్రవేశం లేదు. జాతినిబట్టి, మతాన్నిబట్టి, పుట్టిన దేశాన్నిబట్టి ఇల్లు నిరాకరించడాన్ని 1968లో అమెరికా చట్టం నిషేధించింది. ఎవరినీ రానీయకూడదని కట్టుకున్న ఆ పేట నేడు ఎన్నో దేశాలవారికి నివాసమయింది. అయితే చట్టం తలుపు తెరిపించగలదు గాని, కారణం చెప్పని మనసులోకి తొంగిచూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముణ్ని కాదన్న ఆ అజ్ఞాత వ్యక్తులమీద కోపం వచ్చింది. ఆ కోపం వెనుకనే, నేను మరచిపోయాననుకున్న ఒక మధ్యాహ్నం కళ్లముందు నిలిచింది.

అది 1986. గుంటూరులో మా మేడమీది వాటా ఖాళీగా ఉండేది. నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను. కొత్తగా పెళ్లయిన ఒక ఉపాధ్యాయుడు భార్యతో వచ్చి వాటా చూసుకుని, నాన్నగారి చేతిలో రెండు నెలల అడ్వాన్సు పెట్టారు. ఆమె అప్పుడే గూటిలో దీపం ఎక్కడ పెట్టాలో చూసుకున్నది. మరునాడు ఎవరో చెప్పగా నాన్నగారికి వారి కులం తెలిసింది. సాయంత్రం వారు సామాను తెచ్చే విషయం మాట్లాడడానికి వస్తే, నాన్నగారు లోపలే ఉండి, డబ్బు నా చేతికిచ్చి పంపారు.

“మా బంధువులు వస్తున్నారండీ, వాటా ఇవ్వడానికి కుదరదు” అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆయనకూ తెలిసింది. నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని, “పరవాలేదమ్మా, బాగా చదువుకో” అన్నారు. ఆమె మాత్రం ఒకసారి మేడవైపు చూసి వెళ్లిపోయింది. న్యూయార్కులోని బోర్డు కనీసం ఒక ఉత్తరం రాసింది. మేము ఒక అబద్ధాన్ని చదువుకునే పిల్ల చేత చెప్పించాం. నేను చెప్పాను.

తమ్ముడికి ఆ ఇల్లు దక్కింది. 2017లో వాడు అదే భవనపు బోర్డుకు ఎన్నికయ్యాడు. మొదటి దరఖాస్తు చేతికి వచ్చిన రోజున నాకు ఫోను చేశాడు. అప్పుడు వాడికి ఈ సంగతి చెప్పాను. ఆ నాటికి వాడు ఆరేళ్లవాడు, ఏమీ జ్ఞాపకం లేదు. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, “లెక్కలు చూడడం నా పని అక్కా. మనిషిని చూసి ముందే లెక్క కట్టడం కాదు” అన్నాడు.

ఇరుగుపొరుగు ఎలాంటివారో తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. ఒకే కప్పుకింద బతికేవారికి ఆ జాగ్రత్త అవసరమే. కాని ఆ జాగ్రత్తలో మనం అడిగే ప్రశ్నను బయటికి చెప్పగలమా, లేదా అన్నదే గీటురాయి. బయటికి చెప్పలేని కారణం సాధారణంగా న్యాయమైన కారణం కాదు.

ఇప్పుడు గుంటూరు ఇల్లు నాది. మేడమీది వాటా ఖాళీ అయినప్పుడల్లా గేటుకు నేనే బోర్డు కడతాను. వచ్చినవారిని ఎంతమంది ఉంటారో, అద్దె ఏ తేదీకి ఇస్తారో అడుగుతాను. అంతకు మించి అడగను. అయినా, ఆనాడు మా గుమ్మం నుండి వెనుదిరిగిన ఆ దంపతులకు చెప్పవలసిన మాట ఒకటి ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.