ఎడమ చేతిలో విచ్చే గులాబీ

డిసెంబరు ఆఖరి వారంలో రాజమండ్రిలో ఏ బేకరీ ముందు చూసినా షామియానా వేసి, బల్లలు పరిచి, కేకు పెట్టెలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. ముప్పై ఒకటో తారీఖు రాత్రి కేకు కోయని ఇల్లు ఇటువైపు తక్కువే. ఆ కేకుల మీద పువ్వులు పూయించే చోటు చూడాలని తెలిసినవాళ్ల చేత అడిగించుకుని, ఒక బేకరీ వెనక గదిలోకి వెళ్లాను.

గది ఇరుకు. లోపల వణికించే చలి. ఏసీ అంతలా పెట్టింది మనుషుల కోసం కాదు, క్రీమ్ కోసం. మన బేకరీల్లో కేకుకి పూసేది చాలావరకు పాల మీగడ కాదు, పామ్ కెర్నెల్ నూనె లాంటి కొవ్వుతో చేసిన విప్పింగ్ క్రీమ్. గడ్డకట్టిన ప్యాకెట్లలో వస్తుంది. డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచి, ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, చల్లదనం పోకముందే మిక్సర్లో కొడితే మూడు నాలుగింతలు పొంగుతుంది. నా చిన్నప్పుడంతా బటర్ క్రీమే. చాలాచోట్ల వనస్పతిలో పంచదార పొడి కలిపి చేసేవారు. గట్టిగా ఉండే ఆ గులాబీ పువ్వు అంగిట్లో జిడ్డుగా అంటుకున్నా, అది ఎవరి ముక్కలో రావాలన్నదే పిల్లల మధ్య తగాదా. అచ్చమైన వెన్నతో చేద్దామంటే మన ఎండలు ఊరుకోవు. 35 డిగ్రీలు వచ్చేసరికే వెన్న కరిగిపోతుంది. మే నెలలో గోదావరి ఒడ్డున నీడపట్టునే అంతకు మించిన వేడి.

అక్కడ కేకులు చేసే మాస్టారు మిక్సర్ ఆపి, విస్కు పైకెత్తి, దాని కొనకి అంటిన క్రీమ్‌ని లైటు కింద తిప్పి చూశారు. "కొన నిలబడాలండి, మెరుపు మాత్రం పోకూడదు. మెరుపు పోయిందంటే ఎక్కువ కొట్టేసినట్టే. రేకు అంచు చిరిగిపోద్ది." అలా అయినప్పుడు కొట్టని క్రీమ్ ఒక గరిటెడు పోసి చేత్తో కలుపుతారట. పైపింగ్ బ్యాగ్ సగం మాత్రమే నింపారు. నిండుగా నింపితే అరచేతి వేడికి లోపలి క్రీమ్ జారుడవుతుంది. అందుకే రెండు బ్యాగులు పెట్టుకుని, ఒకటి వాడుతుంటే రెండోది ఫ్రిజ్‌లో ఉంచుతారు.

నాజిల్ 104 నంబరుది. విల్టన్, ఎటెకో లాంటి అమెరికా కంపెనీల వరసలో రేకుల నాజిల్‌కి ఉన్న ఈ అంకే ఇక్కడా వాడుక. మూతి ఒక కొసన లావుగా, ఇంకో కొసన సన్నగా ఉంటుంది. లావు వైపు కిందికి, సన్న వైపు పైకి పట్టుకుంటేనే రేకు మొదలు గట్టిగా నిలబడి అంచు పల్చగా వస్తుంది. ఎడమ చేతిలో ఫ్లవర్ నెయిల్, అంటే వెడల్పాటి తల ఉన్న మేకు. దాని మీద క్రీమ్‌తో చిన్న గోపురం పోసి, కొన చుట్టూ ఒక పట్టీ తిప్పితే మొగ్గ. తర్వాత మూడు రేకులు నిటారుగా, వాటి చుట్టూ ఐదు కాస్త విచ్చుకుని, ఆ బయట ఏడు బాగా వాలి. ప్రతి రేకూ ముందు రేకు నడిమి వెనక నుంచి మొదలవ్వాలి, లేకపోతే పువ్వు విడివిడిగా కనబడుతుంది.

చూసేవాళ్ల కళ్లు క్రీమ్ నొక్కే కుడి చేతి మీదే ఉంటాయి. నాకు మాత్రం పువ్వు పుట్టేది ఎడమ చేతిలోనే అనిపించింది. కుడి చెయ్యి ఉన్నచోటే కాస్త లేచి దిగుతుంది, అంతే. ఎడమ చేతి వేళ్లు ఆ మేకుని ఒత్తి పేనినట్టు తిప్పుతూనే ఉంటాయి. తిప్పడం ఎక్కువైతే రేకు సాగి తెగుతుంది, తక్కువైతే కుచ్చులు పడుతుంది.

"మా గురువుగారిది కేరళండి. పని నేర్పే ముందు నన్ను కడియం పంపారు, నర్సరీల్లో గులాబీలు చూసి రమ్మని" అన్నారు మాస్టారు. "మొగ్గ దగ్గర రేకు లోపలికి చుట్టుకునుంటది. బయట రేకు అంచు వెనక్కి మడత పడుద్ది. అది చూసినాకే చెయ్యి తిరిగింది."

ఈ సీజన్లో ప్రతి కేకుకీ అంత తీరిక ఉండదు. చాలావాటికి స్టార్ నాజిల్‌తో చుట్టలు తిప్పేస్తారు. రష్యన్ నాజిల్ అయితే ఒక్క నొక్కుకి పువ్వు దిగుతుంది. పని తెమిలిపోతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ వరసగా పది దించితే పదీ ఒకే పువ్వు. మాస్టారి ట్రేలో ఏ రెండు గులాబీలూ ఒకలా లేవు. నన్ను బాధపెట్టింది వేరే సంగతి. కేకు అమ్మేది కిలోల లెక్కన. ఆ తూకంలో పువ్వు బరువు ఎంతని? పదిహేను రేకుల పనికీ, ఏళ్ల తరబడి కుదురుకున్న ఆ చేతికీ బిల్లులో విడిగా గడి లేదు. ఉండాలి.

గులాబీ అడుగున కత్తెర తెరిచి దూర్చి, నెయిల్ మీద నుంచి ఎత్తి కేకు మీద దించారు. కత్తెర ఆనిన చోటు కనబడకుండా ఆకులు పెట్టే పని, ఆయన దగ్గర నేర్చుకుంటున్న కుర్రాడిది. అంతవరకూ వాడు స్టీలు పళ్లెం మీద ఆకులు దించుతూ, గీకి మళ్లీ బ్యాగులోకి నింపుకుంటూ సాధన చేస్తున్నాడు. 352 నంబరు నాజిల్ తీసుకుని మొదటి ఆకు పెట్టాడు. కొన మొద్దుగా వచ్చింది. "మొదట్లో గట్టిగా నొక్కు, చివర్న నొక్కడం ఆపేసి లాగరా" అన్నారు మాస్టారు తల తిప్పకుండానే. రెండో ఆకుకి కొన తేలింది. ఈలోగా కౌంటర్ నుంచి ఇంకో చీటీ వచ్చింది. రెండు కిలోలు, పైనాపిల్, నాలుగు గులాబీలు, పేరు తెలుగులో రాయాలి.