దాక్కున్న డిస్కు

కొర్లగుంటలో మా యింట్లో వున్న ల్యాప్‌టాప్ నాలుగేళ్ళు బుద్ధిగా పనిచేసి, 2025 వేసవిలో 'టక్ టక్'మని మూలగడం మొదలుపెట్టింది. లోపల హార్డుడిస్కు పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుందట. అంత తిరిగితే ఎవరికైనా కీళ్ళనొప్పులు రాక మానవు గదా! తిరిగే భాగమే లేని ఎస్.ఎస్.డి. ఒకటి కొన్నాను. ఎనిమిది సెంటీమీటర్ల బిళ్ళ, అంతే.

పాత డిస్కు ఊడదీసి, కొత్తది బిగించి, పెన్‌డ్రైవుతో విండోస్ 11 ఎక్కించబోతే సగంలో 'డ్రైవులేవీ కనబడలేదు' అంది. బయాస్ తెరిచి చూద్దును గదా, అక్కడ కొత్తదాని పేరు నిక్షేపంగా వుంది! మూడుసార్లు ఊడదీశాను, మూడుసార్లు బిగించాను. ఊహూఁ.

ఒక దుకాణానికి మోసుకెళ్ళాను. "కొత్తది ఫెయిలు సార్. పాతదే ఫార్మాటు చేసి మళ్ళీ ఎక్కించేస్తాం. గంట పని" అన్నాడు కుర్రవాడు. విసిగి వున్నానేమో, 'సరే' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో అమ్మ గుర్తొచ్చింది.

ఆ పాత డిస్కులో మా అమ్మ గొంతు వుంది. 2022లో, పోయే ముందు ఏడు, తాతయ్యగుంట గంగమ్మ జాతర కథ చెబుతుంటే రికార్డు చేశాను. రెండో ప్రతి రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దామని మూడేళ్ళు గడిపిన ఘనుణ్ణి. ఫార్మాటంటే ఆ గొంతు నొక్కెయ్యడమే! పెట్టె చంకన పెట్టుకుని యింటికొచ్చేశాను.

ఆదివారం చిత్తూరు నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. చూసి నవ్వాడు. "డిస్కుకేం కాలేదు మామా. ఈ పదకొండో తరం ఇంటెల్ పెట్టెల్లో డిస్కు ముందర వి.ఎం.డి. అని ఒక కాపలావాడుంటాడు. వాడి భాష నీ పెన్‌డ్రైవుకు రాదు. మనమే నేర్పించాల" అన్నాడు.

ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటు నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజి డ్రైవరు దింపాడు. ఆ కట్ట విప్పి, ఫైళ్ళు పెన్‌డ్రైవులో వేశాడు. 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫైళ్ళు చూపించాడో లేదో, డిస్కు ప్రత్యక్షం! విండోస్ ఎక్కాక పాత డిస్కును యు.ఎస్.బి. తీగకు తగిలించి అమ్మ గొంతును రెండు చోట్ల దాచాడు. ఒక ప్రతి చిత్తూరు పట్టుకెళ్ళాడు.

ఆ రాత్రి అమ్మ చెబుతోంది: "పాళెగాడు భయపడి దాక్కున్నాడు నాయనా. గంగమ్మ ఎన్ని వేషాలేసినా బయటికి రాలా. దొర వేషం వేస్తేనే వచ్చినాడు."

మా డిస్కూ అంతే. వేషం కుదిరితే గాని బయటికి రాలేదు.

మీ యింట్లోనూ అలాంటి గొంతేదైనా ఒకే చోట వుంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు రెండో ప్రతి తీయండి. సీరియల్ తర్వాత చదువుకోవచ్చు.