ఒంటరి ప్రయాణమా? కొండంత ధైర్యం!

ఆడది ఒక్కతే ఊరు కదిలిందంటే ఇప్పటికీ మన ఇళ్ళల్లో వినబడే మొదటి మాట "తోడెవరూ లేరా?" అనే! విదేశాల్లో ఒంటరిగా తిరుగుతూ కొండలెక్కే స్త్రీల గురించి చదివినప్పుడల్లా "అది వాళ్ళకే చెల్లింది, మనకెక్కడ?" అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ ఆ ధైర్యం ఎక్కడో దూరదేశాల్లో పుట్టేది కాదు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు ఒకసారి వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది. నేను వెళ్ళాను. ఒక్కదాన్నే, మూడు రోజులు, చేతిలో ఓ చిన్న సంచితో.

హైదరాబాదులో జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సిద్దిపేట మీదుగా సిరిసిల్ల చేరొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కదా! ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు 'జీరో టిక్కెట్టు' చింపి ఇస్తాడు. ఛార్జీలకు ఎవర్నీ అడగక్కర్లేకపోవడం కూడా ఒక స్వేచ్ఛే సుమండీ!

మానేరు ఒడ్డునున్న సిరిసిల్లలో ఏ వీధిలోకి వెళ్ళినా సాంచాల చప్పుడే. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. మగవాళ్ళు సాంచాల మీద ఉంటే ఆడవాళ్ళు కండెలు చుడతారు, బీడీలు చేస్తారు. పని దొరక్క ఒకప్పుడు భీవండికి, బొంబాయికి వలసపోయిన కుటుంబాలెన్నో! తర్వాత ఆ దారి గల్ఫ్‌కు మళ్ళింది. ఏ గల్ఫ్ దేశమైనా ఇక్కడివాళ్ళకు "దుబాయే".

బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పలకరించింది. "ఎటు వోతున్నవక్కా, ఒక్కదానివే?" అవునన్నాను. నవ్వింది. "నేను సుత ఒక్కదాన్నే. మా ఆయన దుబాయ్ వొయ్యి పదేండ్లాయె. బడి, బ్యాంకు, దవాఖాన అన్నీ నేనే తిరుగుత. మొదట్ల బ్యాంకు మెట్లెక్కాలంటే కాళ్ళు వణికేటియి. ఇప్పుడు కలెక్టరాఫీసుకు పొమ్మన్నా పోత!"

ఆమె మాటలు తలుచుకుంటూ వేములవాడలో దిగి రాజన్నకు దణ్ణం పెట్టుకుని, మర్నాడు ఉదయం కొండగట్టు చేరాను. అంజన్న కొలువైన ఆ గుట్టను చూస్తే భక్తితోపాటు గుండెలో చిన్న గుబులు కూడా. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్‌రోడ్డు మీదే బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. నేను మెట్లదారి పట్టాను. పావువంతు ఎక్కేసరికే ఆయాసం! ఆగాను, గుక్కెడు నీళ్ళు తాగాను, మళ్ళీ ఎక్కాను. రోజంతా ఇంట్లో తిరిగే కాళ్ళు, బిందెలు మోసే నడుము... మన ఒంట్లో బలం లేకేం? దాన్ని మన కోసం వాడుకునే అవకాశమే తక్కువ.

పైకి చేరి గాలి పీల్చుకుంటుంటే మాలావత్ పూర్ణ గుర్తొచ్చింది. పక్కనే ఉన్న నిజామాబాద్ జిల్లాలోని పాకాల ఆమె ఊరు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ మొదట భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కేసింది! 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తిచేసింది. చూశారా, ఎవరెస్టుకు దారి మన ఊరి గుట్ట నుంచే మొదలైంది!

కొండ దిగి జగిత్యాల వెళ్ళాను. చుట్టూ కందకంతో నక్షత్రం ఆకారంలో ఉండే కోట ఈ ఊరికి గుర్తు. పద్దెనిమిదో శతాబ్దంలో కట్టారు, ఫ్రెంచి ఇంజనీర్ల పనితనమంటారు. పొద్దుండగానే బస చూసుకుని, గది నంబరు ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

జగిత్యాల నుంచి కోరుట్ల సుమారు 25 కిలోమీటర్లు. అక్కడ ఓ ఇంటి అరుగు మీద ఒళ్ళో చేట పెట్టుకుని నలుగురు ఆడవాళ్ళు బీడీలు చేస్తున్నారు. తునికాకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం... చేతులు యంత్రాల్లా ఆడుతున్నాయి. వాళ్ళలో ఒకామె మస్కట్ వెళ్ళొచ్చిందట. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ వెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళే. ఆమె మాత్రం ఒంటరిగా విమానమెక్కింది. ఓ ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్తే, పనికి పెట్టుకున్న ఇంటివాళ్ళు పాస్‌పోర్టు గుంజుకున్నారు. జీతమూ లేదు.

"తెల్లారకముందే రోడ్డు మీదికొచ్చి నడిచిన బిడ్డా. అరబ్బీ రాదు, బోర్డులు సదవరాదు. ఓ మలయాళీ దుకాణమాయన్ని అడుక్కుంట అడుక్కుంట మన ఎంబసీకి వొయిన. ఆ నడకల నాకే తెల్వని మనిషి నాల కనవడ్డది."

తర్వాత ఆమె సరైన కాగితాలతో మళ్ళీ మస్కట్ వెళ్ళి, అప్పులు తీర్చి వచ్చింది. "దారి తెలిసినంక భయమేంది?" అంది బీడీకి దారం చుడుతూ.

ఆమె చెప్పింది మనం మరిచిపోకూడదు. ధైర్యానికి తోడు కాగితాలూ కావాలి. పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. అలాంటి స్త్రీలకు 30 ఏళ్ళు నిండితేనే ఆ అనుమతి దొరుకుతుంది. విజిట్ వీసా మీద పనికి వెళ్ళడమంటే అగ్గితో చెలగాటమే. చట్టబద్ధంగా వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు ఇస్తారు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఒక జత ఇంట్లో, ఒక జత మీ దగ్గర ఉంచుకోండి. ఎంబసీ ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.

మరి మన సంగతి? మనమందరం విమానమెక్కనక్కర్లేదు, ఎవరెస్టుకు పోనక్కర్లేదు. ఈ నెల్లో ఒక్కరోజు, తోడు లేకుండా, పక్క ఊళ్ళోని గుడికో గుట్టకో వెళ్ళి రండి. మంచినీళ్ళ సీసా, కాసిని అటుకులు, ఫోను, పది రూపాయల చిల్లర చాలు. పొద్దు గూకేలోపు తిరిగి రండి. పొయ్యి మీద పాలు పొంగకుండా చూడ్డానికి ఆ ఒక్కరోజూ ఇంట్లో ఇంకెవరైనా నేర్చుకుంటారు లెండి!