వేలు పడకపోతే ఒత్తకు

నవంబరు వచ్చిందంటే బోడుప్పల్‌లో మా కౌంటర్ ముందు పెన్షనర్ల లైను మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా ఆ నెలలోనే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లకైతే అక్టోబరు నుంచే అవకాశం. 2014లో ఆధార్‌తో నడిచే జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో ఆ పని అయిపోతోంది. చిక్కల్లా ఒకటే, అది చలి మొదలై గాలి పొడిబారే కాలం. డెబ్బై ఏళ్ల చర్మం స్కానర్ గాజుకు సరిగా ఆనదు.

“బిడ్డా, నా వేలు పడ్తలేదు” అనగానే కొత్త ఆపరేటర్లు ఆ వేలిని పట్టుకుని గాజు మీద అదుముతారు. నువ్వు ఆ పని చేయకు. ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకో. నాకిది నేర్పింది నాచారంలో స్కానర్లు బాగుచేసే మా గురువుగారు. పాడైపోయిన ఒక యంత్రాన్ని విప్పి, లోపలి పట్టకాన్ని నా చేతిలో పెట్టి చెప్పారాయన.

వేలు పెట్టే గాజు ఆ పట్టకం పైముఖమే. కింది నుంచి వెలుగు దాన్ని ఏటవాలుగా తాకుతుంది. పైన గాలి ఉంటే వెలుగంతా వెనక్కి తిరిగి కెమెరాకు చేరుతుంది. చర్మం ఆనిన చోట బయటికి జారిపోతుంది. అందుకే గీతలు నల్లగా, సందులు తెల్లగా పడతాయి. పొడి వేలైతే గీతకూ గాజుకూ మధ్య సన్నని గాలి పొర మిగిలి, గీత ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. తడి వేలిది ఇంకో బాధ. గాజు మీద గాలి ఉంటే 42 డిగ్రీల వాలు దాటిన వెలుగు వెనక్కి తిరుగుతుంది, నీరు ఉంటే 62 దాటాలి. సందుల్లో నీరు నిండితే అక్కడా వెలుగు జారిపోయి, ముద్రంతా నల్లటి మచ్చ అవుతుంది. గట్టిగా ఒత్తినా గీతలు చదునై సందులు మూసుకుపోతాయి. యంత్రానికి చర్మం మెత్తగా, సమంగా ఆనడం కావాలి, బలం కాదు.

ఒక చిట్కా చెప్తా. వేలికొనల్లో చెమట గ్రంథులే ఉంటాయి, జిడ్డు గ్రంథులు ఉండవు. అక్కడ కనిపించే జిడ్డు ముఖాన్నో జుట్టునో తాకితే అంటుకున్నదే. అందుకే పొడి వేలు వస్తే “సార్, ఒక్కసారి నుదురు తుడుచుకోండి” అంటాను. తర్వాత వేలు మెల్లగా ఆనించి కాసేపు కదపకుండా ఉంచమంటాను. గీతల మీది రంధ్రాల్లోంచి చెమట ఊరి, తెరమీద తెగిన గీతలు కళ్లముందే అతుక్కుంటాయి. మొదటిసారి అలా ఒక పెద్దాయన ముద్ర పడినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ ప్రతి నవంబరులోనూ కలుగుతుంది.

ఉప్పల్ కూలీల అడ్డా నుంచి వచ్చే తాపీ మేస్త్రీలది వేరే కథ. సిమెంటు క్షారం చర్మాన్ని తినేస్తుంది, ఇటుకల గరుకు గీతలను అరగదీస్తుంది. బొటనవేలు, చూపుడువేలు ముందు పోతాయి. ఆధార్‌లో పది వేళ్లూ ఉన్నాయి కదా, ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టించు. అది పని భారం తక్కువ మోసిన వేలు, చాలాసార్లు అదే పడుతుంది. ఆ గీతల అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, కొన్ని వారాలు పని ఆపితే పైన మళ్లీ తేలతాయి. కూలి మనిషికి అన్ని రోజులు పని మానే వీలెక్కడిది!

తెరమీద వచ్చే ఎర్రర్ నంబరూ చదువు. 300 వస్తే ముద్ర సరిపోలలేదని. 330 వస్తే వచ్చినవాళ్లే తమ బయోమెట్రిక్ లాక్ చేసుకున్నారని, అప్పుడు వేలిని ఎంత తుడిపించినా లాభం లేదు. స్కానర్ మీద ఎండ పడనీయకు, వెలుగు ఎక్కువై బొమ్మ తెల్లగా పాలిపోతుంది. ముందు మనిషి జిడ్డు మిగిలితే దాని నీడ తర్వాతి ముద్రలో కలుస్తుంది, మెత్తటి పొడి బట్టతో తుడుస్తూ ఉండు.

ఇన్ని చేసినా పడకపోతే ముసలివాళ్లను మళ్లీమళ్లీ తిప్పకు. కంటిపాపను చదివే ఐరిస్ యంత్రం తీయి. 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌కు ముఖం చూపించినా సరిపోతుంది. తిరిగి వెళ్లేటప్పుడు, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇచ్చి రమ్మని చెప్పు, చేతులు కాస్త మెత్తగా ఉన్న రోజు చూసుకుని వెళ్లమను.